నీళ్ళు ముట్టని సిస్టర్లు: ఖరగ్‌పూర్‌లో నాలుగు రోజులు

ఖరగ్‌పూర్ చూడాలని నేను బయలుదేరలేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అప్పారావు అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు. అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. సుభాష్‌పల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పెద్దమ్మకు ఎనభై దాటాయి, షుగరు కూడా ఉంది. ఎడమ పాదం మీద పడిన పుండు నెలన్నరగా మానడం లేదు. డాక్టరు పది రోజులు గడువిచ్చాడట. రోజూ శుభ్రంగా కడిగి కట్టు మారిస్తే చూద్దామనీ, లేకపోతే పాదం తీసెయ్యక తప్పదనీ చెప్పాడట. ఆవిడను రోజూ ఆస్పత్రికి మోసుకెళ్ళడం అయ్యే పని కాదు. వదినకు పుండు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒక కంపౌండరు రెండు రోజులు వచ్చి మానేశాడు. పూరీ గేట్ వైపు కతోలిక సిస్టర్ల మఠం ఒకటి ఉంది. వాళ్ళయితే ఇంటికే వచ్చి కట్టు కడతారు, పైసా తీసుకోరు. అయితే పెద్దమ్మ వాళ్ళను గడప తొక్కనివ్వనంటోంది. "నీ మాటయితే వింటాది, ఓసారి రా" అన్నాడు అన్నయ్య.

నా మాట వింటుందనడానికి కారణం చెప్పాలి. నాది విజయనగరం. మోటార్లకు వైండింగు చేసే చిన్న షాపు నడుపుతాను. ఏడో తరగతితో బడి మానేశాను. తరవాత చదివిందంతా పొట్లాల కాగితాల దగ్గర మొదలుపెట్టి సొంతంగా నేర్చుకున్నదే. పన్నెండో ఏట నుంచి నాలుగేళ్ళు పెద్దమ్మ ఇంట్లో, రైల్వే క్వార్టర్లో పెరిగాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. అబద్ధమాడాలంటే బోలెడు మాటలు కావాలనీ, వీడికి అంత ఓపిక లేదనీ పెద్దమ్మ అందరికీ చెప్పేది. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిందీ, అయిన ఖర్చూ ఒక నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. ఇక్కడ రాస్తున్న వేళలూ ఛార్జీలూ అందులోవే.

విజయనగరం నుంచి హౌరా వైపు వెళ్ళే బళ్ళు చాలా ఉన్నాయి. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో ఎక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్‌లో దిగవచ్చు. స్లీపరుకు నాలుగు వందల పైచిలుకు అయింది. చలికాలంలో వెళ్ళేవాళ్ళు దుప్పటి తప్పనిసరిగా పెట్టుకోవాలి, బాలాసోరు దాటాక చలి ఎముకల్లోకి దిగుతుంది. నేను దిగేసరికి ఆరుంబావు. ప్లాట్‌ఫారం మీద నడిచి నడిచి బయటికి వస్తే టోటోలు వరసగా ఉంటాయి. టోటో అంటే బ్యాటరీ రిక్షా. నలుగురితో కలిసి ఎక్కితే సుభాష్‌పల్లికి ఇరవై రూపాయలు, ఒక్కరే మాట్లాడుకుంటే ఎనభై. నేను నలుగురితోనే ఎక్కాను. గోల్‌బజార్‌లో పెద్దమ్మకు ఇష్టమని అరటిపళ్ళు కొన్నాను. అక్కడ పక్కపక్కనే ఒక బండి మీద మైదాపిండి పూరీల్లాంటి లూచీ, ఆలూదమ్, ఇంకో బండి మీద ఇడ్లీ, సెనగపిండి చట్నీ అమ్ముతున్నారు. ఇడ్లీ బండి ఆవిడది రాజాం దగ్గర ఊరు. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు.

పెద్దమ్మ కిటికీ పక్క మంచం మీద ఉంది. కాలి మీద దుప్పటి కప్పుకుంది. గదిలో అగరొత్తులు వెలిగించినా వాసన తెలుస్తూనే ఉంది. నన్ను చూసి, "వచ్చీసినావేటిరా. ఈడు నిన్ను నా మీదకి ఉసికొల్పినాడా?" అంది. అవునన్నాను. నవ్వింది. డాక్టరిచ్చిన గడువులో అప్పటికి అయిదు రోజులు మిగిలి ఉన్నాయి.

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. నేను వాళ్ళ దగ్గరికి చేరేనాటికే అది పాతబడింది. వర్క్‌షాపులో కాలిన ఇనుము మీద పడి పెద్దనాన్న వీపు కాలిపోయింది. ఈ మఠం సిస్టర్లే ఇద్దరు ఇరవై రోజులు నడిచి వచ్చి కట్లు కట్టారు. ఆఖరి రోజు పెద్దమ్మ బూరెలు వండింది. ఇత్తడి గ్లాసు చింతపండుతో తోమి, నిండా నీళ్ళు పోసి పెట్టింది. కట్టు కట్టిన సిస్టరు రెండు చేతులూ జోడించి వద్దంది. బూరె ముట్టలేదు, నీళ్ళు కూడా ముట్టలేదు. బయట లైను కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. క్వార్టర్ల లైనంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఇంట్లో నీళ్ళు తాగరు గానీ ఇంట్లోవాళ్ళను తాకిన చేతులు మాత్రం కడిగేసుకుంటారని ఎవరో అన్నారు. మన ఊళ్ళలో ఎవరు ఎవరింట్లో నీళ్ళు తాగరో, ఎందుకు తాగరో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. పెద్దమ్మకు అది అలాగే అర్థమైంది. మైల అనుకున్నారని నమ్మింది. బూరెలు మొత్తం లైనులో పంచేసింది. ఇది జరిగి నలభై ఏళ్ళు దాటింది.

నేను ఏమీ వాదించలేదు. అసలు వాళ్ళు ఎందుకు తాగలేదో కనుక్కొస్తానన్నాను. "కనుక్కో. కనుక్కుని నువ్వే తాగు" అంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి పూరీ గేట్ వైపు టోటో మాట్లాడుకున్నాను, డెబ్బై రూపాయలకు. ఆ వైపే పెద్ద ఇంజనీరింగు విద్యాసంస్థ ఉండడంతో, నా వయసు తెలుగువాడు కనిపిస్తే పిల్లాడిని చూడ్డానికి వచ్చాడనే అనుకుంటారు. డ్రైవరు బెంగాలీ మనిషి. "లడ్కా కౌన్ ఇయర్ మే హై, దాదా?" అని అడిగాడు. లడ్కా లేడు, సిస్టర్ల దగ్గరికి అన్నాను. అతను వెనక్కి తిరిగి మరీ నా వైపు చూశాడు. వాళ్ళమ్మ పక్షవాతంతో పడి ఉంటే మూడు నెలలు వచ్చారట. ఒకరోజు వానలో మఠం దాకా ఊరికే దింపుతానంటే, ఇరవై రూపాయలు సీటు మీద పెట్టి దిగిపోయారట. "బహుత్ జిద్దీ హై దీదీలోగ్. చాయ్ నహీ, పానీ నహీ" అన్నాడు, మహా మొండివాళ్ళన్నట్టు. ఎందుకలాగ అని అడిగితే, ఉపవాసం అయ్యుంటుందని అతని లెక్క. మూడు నెలలూ రోజూ ఉపవాసమేమిటని నాకనిపించింది గానీ పైకి అనలేదు.

మఠం అనగానే పెద్ద భవనం ఊహించుకోకండి. సున్నం వేసిన ప్రహరీ, లోపల రెండు మునగచెట్లు, ఒక పొడుగాటి రేకుల వరండా ఉన్నాయి. తొమ్మిదింటికి డిస్పెన్సరీ తెరుస్తారు. అప్పటికే ముప్పై మంది దాకా అట్టముక్క టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. తాపీ పనివాళ్ళు, టీబీ మందు కోసం వచ్చినవాళ్ళు, కాలికి గోనెగుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన కనిపించారు. పదకొండున్నర దాకా అక్కడ పని చేసి, తరవాత సిస్టర్లు ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళతారు. మంచాన పడ్డవాళ్ళు, మానని పుళ్ళు, చూసే దిక్కులేని ముసలివాళ్ళు, ఇదీ వాళ్ళ పని. ఇంట్లోవాళ్ళకు ప్రార్థనలు చెప్పడం, మతం గురించి మాట్లాడడం వాళ్ళ నియమంలో లేదట. ఇలాంటి సిస్టర్ల సంఘాన్ని సభ అంటారు; ఆ సభ పేరు ఇక్కడ రాయవద్దని వాళ్ళే కోరారు కాబట్టి రాయడం లేదు.

నాతో మాట్లాడిన సిస్టర్ ఫిలోమినాది పర్లాకిమిడి దగ్గర ఊరు. నలభై అయిదేళ్ళుంటాయి. నా తెలుగు వినగానే ముఖం విప్పారింది. పెద్దమ్మ సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ వింటూనే కట్లకు వాడే గాజుగుడ్డ కత్తిరించింది. విన్నాక కత్తెర పక్కన పెట్టింది.

వాళ్ళ సభ పుట్టుక గురించి ఆవిడ చెప్పిన కథ ఇది. ఐరోపాలో ఒక నది ఒడ్డున కొండ మీద ఊరు. అక్కడ బట్టలుతికే ఆవిడ ఒకతె ఉండేది. చదువు రాదు. ఊళ్ళో జ్వరాలు వచ్చినప్పుడు మైలబట్టల కోసం ఇళ్ళకు వెళ్ళేది కదా, వెళ్ళిన చోట రోగిని కడిగి, పక్క మార్చి వచ్చేది. ఒక ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్ల దగ్గర రాత్రంతా కూర్చుంది. తెల్లారి ఆ పిల్ల తల్లి ఒక గిన్నెడు గంజి ఇచ్చి తాగమంటే తాగింది. ఆ పూట ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గిన్నేనని, అది పిల్ల కోసం కాచిందని మర్నాడు తెలిసింది. అప్పటి నుంచి ఆవిడ ఏ రోగి ఇంట్లోనూ ఏదీ నోట్లో పెట్టలేదు. నీళ్ళు కూడా ముట్టలేదు, ఎందుకంటే ఆ ఊళ్ళో నీళ్ళు నది నుంచి మెట్ల మీదుగా ఎవరో ఒకరు మోసుకురావాల్సిందే. తరవాత ఇంకొందరు ఆడవాళ్ళు ఆవిడతో చేరారు. అదే సభ అయింది. ఆవిడ నోటితో చెప్పగా ఒక ఫాదరు రాసిన నియమాలు పదకొండే. పుస్తకం కాదు, ఒక్క కాగితం. ఈ సభలో మాటపట్టు, అంటే జీవితాంతం ఇలాగే ఉంటానని ప్రమాణం చేసే రోజున, ప్రతి సిస్టరుకూ జపమాలతో పాటు ఒక నీళ్ళ సీసా ఇస్తారు. పూర్వం రేకుది, ఇప్పుడు స్టీలుది. ఫిలోమినా తన సీసా తెచ్చి చూపించింది. ఇరవై ఏళ్ళ నాటిది, అడుగు సొట్టలు పడింది.

ఈ ఊరికి మొదట ముగ్గురు వచ్చారట, వర్క్‌షాపు గాయాలకు కట్లు కట్టడానికే. ఆ రోజుల్లో క్వార్టర్ల లైన్లలో కుళాయి పొద్దున ఒక గంటే గట్టిగా వచ్చేది, తరవాత సన్నగా కారేది. నాకూ గుర్తుంది. బిందెల వరస కోసం పెద్దమ్మ నాలుగింటికి లేచేది. ఇత్తడి గ్లాసులో పోసిన నీళ్ళు ఆవిడ అలా మోసినవే.

"మరి ఆ మాట ఆవిడతో అనేస్తే సరిపోయేది కదండీ" అన్నాను.

"అనకూడదండి. ఏమని అంటాం? మీరు లేనోళ్ళు, మేం తాగితే మీకు తరిగిపోతాదని మొహం మీద సెప్పినట్టుంటాది కదా. అందుకే కట్టు కట్టే ఇంట్లో కారణం సెప్పొద్దని కూడా ఆ కాగితంలోనే ఉందండి. దానివల్ల కొందరికి బాధ కలిగింది. మాకు తెలుసు" అందావిడ.

పెద్దమ్మ పిలిస్తేనే వస్తామని కూడా చెప్పింది. పిలవని ఇంటికి వెళ్ళకూడదన్నది మూడో నియమం. ఇది విని చాలా తేలికపడి తిరిగి వచ్చాను. మైల కాదని తెలిస్తే చాలు, పెద్దమ్మ సరేనంటుందని నా నమ్మకం. అక్కడే పొరపడ్డాను.

సాయంత్రం నాలుగింటికి, టీ తాగుతూ అంతా చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి ఉండను. పెద్దమ్మ గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది.

"అయితే మైల కాదు, నాను బీదదాన్నని తాగలేదంటావు. మీ పెదనాన్న రైల్వే జీతగాడురా. నలభై ఏళ్ళు మైలనుకున్నారని ఏడిసినాను. ఇప్పుడొచ్చి, కాదే, బిచ్చగత్తెవనుకున్నారంటున్నావు. ఏది మేలురా, నువ్వే సెప్పు."

సిస్టర్లు ఆ మాట ఎందుకు దాచారో అప్పుడు పూర్తిగా అర్థమైంది. వాళ్ళు ఇన్నేళ్ళు చెప్పకుండా కాచుకున్నదాన్ని నేను ఒక్క టీ తాగేలోపు చెప్పేశాను. అన్నయ్య నా ముఖం చూసి బయటికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం అక్కడే కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు కూర్చోవడం ఒకటే నాకు వచ్చు. వర్క్‌షాపు సైరను మోగింది. పెద్దమ్మ దిండు మీదికి వాలి పైకప్పు వైపు చూసింది.

"ఆ పిల్ల ఏటయినాది?" అంది ఉన్నట్టుండి.

"ఏ పిల్ల?"

"ఆవిడ గంజి తాగీసినాదన్నావే, ఆ జొరం పిల్ల. బతికినాదా?"

అడగలేదన్నాను.

"ఇజీనారం నుంచి రైలెక్కొచ్చి ఆ ముక్క అడగలేదేటిరా? సగం కత పట్టుకొచ్చి నన్ను కాలు సాపమంటావు."

మూడో రోజు పొద్దున మళ్ళీ మఠానికి వెళ్ళాను. గడువులో మూడు రోజులే మిగిలాయి. పెద్దమ్మ అడిగింది చెప్పాను. సిస్టర్ ఫిలోమినా చేతిలో పని ఆపి విన్నది. పిల్లకు ఏమైందో నాకు చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. "ఆవిడ మమ్మల్ని కట్టు కట్టడానికి పిలవలేదు, సరే. కానీ మమ్మల్ని ఒకటి అడిగింది కదండీ. అడిగినదానికి జవాబు సెప్పడానికి నాను రావచ్చు" అంది. పన్నెండింటికి తోడుగా ఒక పెద్ద వయసు బెంగాలీ సిస్టరును తీసుకుని నాతో టోటో ఎక్కింది. వాళ్ళిద్దరి ఛార్జీ వాళ్ళే ఇచ్చారు. నేను జేబులో చెయ్యి పెట్టగానే పెద్దావిడ నా మణికట్టు మీద చిన్నగా ఒక దెబ్బ వేసింది.

బెంగాలీ సిస్టరు అరుగు మీద కూర్చుని జపమాల తీసింది. ఫిలోమినా గడప బయటే నిలబడింది. పెద్దమ్మ ఆవిడను పైనుంచి కిందికి చూసింది.

"తెలుగు పిల్లవా?"

"పర్లాకిమిడి దగ్గరమ్మా."

"గుమ్మంలో నిలబడితే ఎలుతురు రాదు. లోపలికొచ్చి కూర్సో." కూర్చున్నాక అడిగింది. "ఇప్పుడు సెప్పు. ఆ పిల్ల ఏటయినాది?"

"పోయినాదమ్మా. మూడో రోజున." సిస్టరు గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "గంజి తాగినా బతికేది కాదేమో. ఆ జొరాలు అలాంటివి. మా మదర్‌కి అందరూ అదే సెప్పినారు. ఆవిడ వినలేదు. పిల్ల గంజి నాను తాగినాను అనే సెప్పుకునేది, సచ్చిపోయేదాకా. ఏడాదికోసారి మేమందరం కూడి ఆ మాట పైకి సదువుతాం. మీరు బీదోళ్ళని కాదమ్మా మేం తాగంది. మేం తాగీసినోళ్ళం కాబట్టి."

ఈ చివరి మాట ఆవిడ నాకు మఠంలో చెప్పలేదు. పెద్దమ్మ దగ్గర చెప్పడానికే దాచుకుందో, పెద్దమ్మ ముఖం చూశాక తోచిందో నాకు తెలియదు. కాసేపటికి పెద్దమ్మ కాలి మీది దుప్పటిని తనే పక్కకు లాగేసుకుంది.

"మరీ అంత దూరంగా కూర్సుంటే ఏటి కనబడతాది? ఇలగ రా" అంది.

కట్టు విప్పి, ఉప్పునీళ్ళతో తడిపి, పాడైన తోలు కొంచెం కొంచెంగా తీసి మళ్ళీ కట్టడానికి ముప్పావు గంట పట్టింది. పెద్దమ్మ ఒకటి రెండుసార్లు మంచంకోడు గట్టిగా పట్టుకుంది గానీ నోరు తెరవలేదు. పని అయ్యాక సిస్టరు లేచి కుళాయి ఎటు అని వదినను అడిగింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. సెంబు ఇలగియ్యండి" అని అన్నయ్యతో అంది. దిండుకు చేరబడి లేచి కూర్చుంది. "తాగకపోతే మానీ. సేతులు కడుక్కోడానికి వీధిలోకెందుకెల్లడం? నాను పోస్తాను."

సిస్టరు ఒక్క క్షణం ఆగింది. ఆ కాగితంలో దీని గురించి ఏముందో ఆలోచించి ఉంటుంది. తరవాత మంచం పక్కన వంగి రెండు చేతులూ చాపింది. పెద్దమ్మ చెంబు వంచింది. సగం నీళ్ళు వదిన పెట్టిన బేసినులో పడ్డాయి, సగం గచ్చు మీద పడ్డాయి. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి. అయినా చెంబు ఖాళీ అయ్యేదాకా సిస్టరు వాటిని వెనక్కి తీసుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ "మొండిది" అంది. ఆ మాట మెచ్చుకోలుగా అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం నా తిరుగు బండి. సిస్టర్లు డిస్పెన్సరీ తెరవకముందే, పొద్దున్నే వచ్చి కట్టు మార్చారు. వాళ్ళు వెళ్ళబోతుంటే పెద్దమ్మ అడిగింది, పాత గుడ్డలయితే తీసుకుంటారా అని. రోగుల కింద పరచడానికి ఉతికిన నూలుగుడ్డ ఎంతయినా కావాలని ఫిలోమినా చెప్పింది. పెద్దమ్మ అన్నయ్య చేత అటక మీది ట్రంకు దింపించింది. పెద్దనాన్న పంచెలు అందులో ఎనిమిది ఉన్నాయి. ఆయన పోయి పదిహేనేళ్ళయినా ఎవరినీ ముట్టనివ్వలేదు. ఒక్కొక్కటీ మడత విప్పి, చేత్తో తడిమి, మళ్ళీ మడిచింది. ఆ మూట నేనే మఠంలో ఇచ్చి, అక్కణ్ణుంచే స్టేషనుకు వెళ్ళాను.

ఇది రాసేనాటికి మూడు వారాలు గడిచాయి. చిటికెనవేలు తీసెయ్యాల్సి వచ్చింది. పాదం దక్కింది. పుండు అంచులు గులాబీ రంగుకు తిరిగాయని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. ఇప్పుడు సిస్టర్లు రోజు విడిచి రోజు వస్తున్నారు. వచ్చినప్పుడల్లా చేతుల మీద నీళ్ళు పోసేది పెద్దమ్మేనట, ఇంకెవరినీ పొయ్యనివ్వడం లేదట. మాట తక్కువైతే తప్పులు తక్కువవుతాయని నేను ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఒక ఇంట్లో మనసు నొప్పించకూడదని ఊరుకున్నవాళ్ళ వల్లే ఆ మనసు నలభై ఏళ్ళు నొచ్చుకుంది. నేను విప్పి చెప్పినప్పుడు ఇంకా నొచ్చుకుంది. ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు ఊరుకోవాలో తేల్చే నియమం ఆ పదకొండింటిలో లేదు, నా నోటుబుక్కులో కూడా లేదు. పెద్దమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్న నేను ముందే అడిగి ఉండాల్సింది.

ఇలాంటి మఠాలకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. మిఠాయి పెట్టెలూ పళ్ళూ తీసుకెళితే మీరే తిరిగి మోసుకురావాలి. ఇంట్లో మెత్తబడిన నూలు చీరలో పంచెలో ఉంటే, వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, డిస్పెన్సరీ తెరవకముందే, తొమ్మిదిలోపు గేటు దగ్గర ఇవ్వండి. వాటిని మాత్రం రెండు చేతులా తీసుకుంటారు.